కోల్డ్ స్టోరేజీకి గడప

నీడ 8వ రోజు. ఉదయం 10 గంటలు.
బయట 3 డిగ్రీలు. లోపల 4 డిగ్రీలు. కరెంటు లేదు. కంప్రెసర్లు ఆగి ఉన్నాయి.
రిమార్కులు:

ఓనరు గారికి ఆపరేటర్ యల్లమంద రాయునది. ఈ లాగ్ బుక్కులో రిమార్కుల గడి ఖాళీగా వదలకూడదని మీరే చెప్పారు. ఇరవై ఆరేళ్లుగా ఆ గడిలో "అంతా సవ్యం" అని రాస్తూ వచ్చాను. ఈసారి ఆ రెండు మాటలు సరిపోయేలా లేవు. గడి దాటి పక్క పేజీలోకి పోతాను, ఏమీ అనుకోవద్దు. మీరు గుంటూరులో ఉన్నారు, ఫోన్లు పనిచేయడం లేదు. కాబట్టి ఇక్కడ ఎర్రరాళ్లపాలెంలో జరిగేదంతా ఇందులోనే రాసిపెడతాను. తిట్టదలచుకుంటే చివరి పేజీ దాకా చదివి అప్పుడు తిట్టండి.

పైన అంకెలు తారుమారుగా వేశాననుకునేరు. బయట మూడు, లోపల నాలుగు, నిజమే. రెండుసార్లు చూశాను. థర్మామీటరు తుడిచి మూడోసారి చూశాను. నా సర్వీసు మొత్తంలో చలి కాచుకోవడానికి కోల్డ్ స్టోరేజీ లోపలికి వెళ్లడం ఇదే మొదటిసారి.

దీనికి ఎవరిని తిట్టాలో కూడా తెలియడం లేదు. ఎండ భరించలేక దేశాలన్నీ కలిసి ఆకాశంలో ఆ గొడుగు ఎత్తాయా, దాని నీడను కాలవ నీళ్లలాగా ఊళ్లకు వంతులేసి ఇస్తున్నారా, మన పల్నాడుకు నెలకు మూడు రోజులే వచ్చిందా! "యాభై డిగ్రీల్లో మాడేవాళ్లం, మూడు రోజులేం సరిపోతాయి, మా వాటా నీడ మాకివ్వాలి" అని రోడ్డు మీద వంటావార్పు చేశాం. రెండో వరుసలో నేనూ కూర్చున్నాను. మీరు పంపిన పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాను. వంతు ఐదు రోజులకు పెంచారు. పెంచిన మొదటిసారే గొడుగు కీలు పట్టేసి, నీడ మన నెత్తిమీదే నిలబడిపోయింది. ఊరంతా కప్పు మీద ఎండ పలకలే కాబట్టి కరెంటు కూడా పోయింది. చలేస్తోందని ఎవరికైనా చెప్పుకుందామంటే సిగ్గు. అడిగి తెచ్చుకున్నది కదా.

నీడ 9వ రోజు. మధ్యాహ్నం 2.
బయట 2. లోపల 4. కరెంటు లేదు.
రిమార్కులు:

మధ్యాహ్నం రెండు అని గడియారం చెబితే నమ్మడమే. వెలుతురు మాత్రం సందెవేళ వెలుతురే. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఇళ్లల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి.

మన ఊళ్లో ఇంటికి రెండేసి కూలర్లున్నాయి. రగ్గులు మాత్రం ఊరు మొత్తానికి పదకొండు. మా ఆవిడ సీతారావమ్మ నాలుగు చీరలు ఒకదాని మీద ఒకటి కట్టుకుని, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక అవస్థ పడుతోంది. బస్తాలు మోసే మన ముఠా మేస్త్రి యేసోబు హెల్మెట్ పెట్టుకుని పడుకుంటున్నాడు, చెవులకు హాయిగా ఉందట. కూరగాయలు గడ్డకట్టకుండా అందరూ ఫ్రిజ్జులో దాచుకుంటున్నారు. కొబ్బరినూనెను సీసాలోంచి చెంచా పిడితో తవ్వి తీస్తున్నారు. గేదెలకు గోనెపట్టాలు కప్పి బొడ్డు కింద ముడేశారు. అవి ఒకదాన్ని చూసి ఒకటి బెదురుతున్నాయి.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. పెరుగు లేకపోవడమే ఊరిని కుంగదీసింది. తోడు వేసిన పాలు తెల్లారి చూస్తే పాలే. మర్నాడు చూసినా పాలే. అలా వేసి వేసి, చూసి చూసి, ఇంటింటా ఉన్న తోడు కాస్తా అయిపోయింది. వారం రోజులుగా ఎవరికీ భోజనం ముగిసినట్టు లేదు. చారన్నం తిన్నాక చెయ్యి కడగాలో, కూర్చోవాలో తెలియక కంచాల ముందు ఎదురుచూపులు చూస్తున్నారు.

ఊరు మొత్తానికి బతికున్న తోడు ఒక్కచోటే ఉంది. మా పెద్దమ్మ పేరమ్మ దగ్గర. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఈవిడే. డెబ్భై ఎనిమిదేళ్లు. మన గేటుకు ఎదురుగా ఉన్న రేకుల ఇల్లు ఆవిడదే. తోడుకుండను గుడ్డలో చుట్టి, బొంతలో పక్కన పెట్టుకుని, తన ఒంటి వెచ్చదనంతో కాపాడుతోంది. ఆ వెచ్చదనమూ ఎంతో మిగల్లేదు. పొద్దున వెళ్లేసరికి రేకుల లోపలి వైపు కూడా మంచు పట్టి ఉంది. పెద్దమ్మ వేళ్లు నేరేడుపళ్ల రంగుకు తిరిగాయి. దగ్గు ఒకటి మొదలైంది. నాకు నిజంగా భయం వేసింది. మా ఇల్లూ అంతకంటే వెచ్చగా లేదు. ఆవిడను ఎలాగైనా ఓ వెచ్చని చోటికి చేర్చాలి. లేకపోతే ఈ నీడ తొలగేదాకా ఆవిడ ఉండదు.

నీడ 10వ రోజు. సాయంత్రం 6.
బయట 1. మూడో నంబరు చాంబరు 9.
రిమార్కులు:

తొమ్మిది చూసి గుండె పట్టుకోకండి. ముందు ఇది చదవండి.

పొద్దున రీడింగు తీసుకుంటుంటే బుర్రలో వెలిగింది. మన గోడల్లో జానెడు మందాన థర్మోకోల్ ఉంది. వేడి లోపలికి రాకుండా కట్టిన గోడలవి. వేడి బయటికి పోకుండా కూడా అవే ఆపుతాయి. ఏది లోపలో ఏది బయటో గోడకేం తెలుసు? కావలసిందల్లా లోపల కాస్త వేడి పుట్టించడం. కరెంటు లేదు, కట్టెలు మండిస్తే పొగ. మనిషి ఒళ్లే ఓ కుంపటి. అలాంటివి ఓ రెండొందలు పోగేస్తే చాలనిపించింది.

యేసోబుతో చెప్పాను. హెల్మెట్ తీసి మరీ విన్నాడు.

"చలికి తట్టుకోలేక సస్తంటే కోల్డ్ స్టోరేజీలో పడుకోమంటావా? ఈ మాట ఊళ్లో అన్నావంటే నిన్ను నరసరావుపేట ఆస్పత్రికి తీసకపోతారన్నా," అన్నాడు.

"ముందు నువ్వు రా."

"నేను దేనికి?"

"నీకు పిచ్చని ఊళ్లో ఇప్పటికే అనుకుంటున్నారు. హెల్మెట్ పెట్టుకుని పడుకుంటున్నావు కదా."

వచ్చాడు. వాళ్ల ముఠా, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు కలిసి ఇరవై ఆరుగురు. మూడో చాంబరులో సగం దాకానే ఉన్న మిర్చి బస్తాలను, టిక్కీకి టిక్కీ లెక్కపెట్టి, ఒకటి, రెండు చాంబర్లలోకి సర్దేశారు. మీ సరుకు క్షేమం. ఆ రెండు చాంబర్ల తలుపులూ బయటి చలికి కాస్త తెరిచి, కాస్త మూసి సరిగ్గా నాలుగు దగ్గర నిలబెడుతున్నాను. ఇన్నాళ్లూ మీరు కంప్రెసర్లతో చేయించిన పని ఇప్పుడు నేను తలుపు పిడితో చేస్తున్నాను.

మూడో చాంబరు మధ్యాహ్నానికి ఆరు, ఇప్పుడు తొమ్మిది. ఊపిరాడటానికి గంటకోసారి తలుపు జానెడు తెరుస్తున్నాను. ఒక్కటే ఇబ్బంది. ఇరవై ఆరేళ్ల మిర్చి ఘాటు ఆ గోడల్లో ఉంది. లోపలికి అడుగు పెట్టిన వాడల్లా తుమ్ముతున్నాడు. యేసోబు హెల్మెట్ పెట్టుకుని తుమ్మి, ఆ తర్వాత చాలాసేపు దాని అద్దం తుడుచుకుంటూ కూర్చున్నాడు.

నీడ 11వ రోజు. మధ్యాహ్నం 3.
బయట 0. మూడో చాంబరు 17. లోపల మనుషులు 140.
రిమార్కులు:

యేసోబు వాళ్లావిడ తల చుట్టూ కప్పుకున్న చీర కొంగు తీసి భుజాన వేసుకుని బయటికి వచ్చిందట. అంతే. "దానికి ఉక్కపోస్తందంట" అన్న మాట ఊళ్లో పాకింది. పొద్దుటినుంచి బొంతలు, బిందెలు, చంటిపిల్లలతో వస్తూనే ఉన్నారు. టీ బంకు మస్తాన్‌బీ తన పెద్ద గిన్నెలు తెచ్చి గేటు పక్కన ఒకే పొయ్యి పెట్టింది. అందరికీ అక్కడే వంట.

నేను పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. బొంతలో ముడుచుకుని ఉంది. కుండ ఆవిడ పొట్ట దగ్గర ఉంది.

"పద పెద్దమ్మా, లోపల పదిహేడు డిగ్రీలుంది," అన్నాను.

"డిగ్రీలు నేనేం చేసుకోనురా? తోడుకుండ యాడబెట్టి రమ్మంటావు?"

"దాన్నీ తెచ్చుకో."

"దీపం ఎలగతా ఉంటే తోడు గడప దాటిద్దంట్రా? బుద్ధుండే మాట్టాడతన్నావా?"

"మధ్యాహ్నం మూడైంది. ఇది దీపాలు పెట్టే వేళ కాదు."

"మరదేందీ?" అని గూట్లో దీపం చూపించింది.

దీపం వెలుగుతోంది. ఎనిమిదో తొమ్మిదో రోజులుగా పగలూ వెలుగుతూనే ఉంది. దీపాలు పెట్టాక పాలు, పెరుగు, ఉప్పు బయటి ఇంటికి ఇవ్వకూడదు. ఇస్తే వాటి వెంట లక్ష్మి కూడా వెళ్లిపోతుంది. ఇది నాకూ తెలుసు, మా ఇంట్లోనూ ఇవ్వం. కానీ పొద్దస్తమానం దీపాలు పెట్టిన వేళే అయితే ఏం చేయాలో ఏ పెద్దవాళ్లూ చెప్పి పోలేదు.

"పోనీ కాసేపు దీపం ఆర్పితే..." అన్నాను, అని నాలిక కరుచుకున్నాను.

"ఆర్పుతాడంట! నోటితో అనేశాడు సూడు!" అని పెద్దమ్మ దగ్గుతూనే చెంపలేసుకుంది, నా తరఫున కూడా. "మా అత్త నేను కాపరానికొచ్చిన మూడోరోజు ఈ కుండ నా చేతిలో పెట్టింది. అరవై ఒక్క యేడు. ఒక్కరోజు కూడా తోడు తప్పలా. దీన్నొదిలి రాను, దీన్ని దీపాలేళ బయటికి దాటించను. నువ్వు పో."

బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచించాను. మళ్లీ వెళ్లాను.

"బయటి ఇంటికి ఇవ్వొద్దు పెద్దమ్మా. ఇల్లు మారేటప్పుడు దీపమూ పాలకుండా పట్టుకునే కదా కొత్తింట్లో అడుగుపెడతారు? అట్టా రా. నీ ఇంట్లోంచి నీ ఇంట్లోకే."

ఆవిడ కుండ మూతి మీది గుడ్డ సర్దింది. "అది సరే," అంది చివరికి. "కానీ అది ఇల్లేందిరా, గోడౌను. గడపేది దానికి?"

"పెట్టిస్తాను."

"నా ఇల్లయితే మరి అందులో ఉన్నోళ్లంతా ఎవరు?"

"నీవాళ్లే. ఒకే పొయ్యి, ఒకే గడప, ఒకే ఇల్లు."

"ఒకే ఇల్లేగా? మాట మీద ఉండాల. ఏరే ఏరే ఇళ్లని ఎవుడన్నా అన్న రోజున, తోడు బయటోళ్లకిచ్చిన పాపం నేను మొయ్యను. కుండెత్తుకుని నా కొంపకి నేనొచ్చేస్తా."

సరే అన్నాను. అప్పుడు ఏం అడిగినా సరే అనేవాణ్ణి.

నీడ 12వ రోజు. సాయంత్రం 5.
బయట 0. మూడో చాంబరు 20. మనుషులు 195.
రిమార్కులు:

గడప తయారైంది. టిక్కీల కింద పరిచే వేపచెక్క ఒకటి తీసి, యేసోబు మనుషులు చిత్రిక పట్టారు. మన జరుపుడు తలుపు కింద రబ్బరు అంచుకు అడ్డం రాకుండా జానెడు ఇవతలగా బిగించాం. అసలు ఆ అంచు మీద చెయ్యి వేసినందుకు నేను ఎంతమందిని కసిరానో మీకు తెలుసు. ఇప్పుడు నేనే దగ్గర కూర్చుని మేకులు కొట్టించాను. సీతారావమ్మ నాలుగు చీరలతో అతికష్టం మీద వంగి గడపకు పసుపు రాసి బొట్లు పెట్టింది. మస్తాన్‌బీ బియ్యప్పిండి ఇచ్చింది. "అమోనియా ప్రమాదం" అన్న బోర్డు కింద ముగ్గు పడింది.

మూడు గంటలకు పెద్దమ్మ బయల్దేరింది. ఒక చేతిలో దీపం, చంకలో కుండ. నేను రెక్క పట్టుకున్నాను. ఈకలు ఊడిన పిట్టంత బరువు కూడా లేదు. రోడ్డు దాటాం, గేటు దాటాం. గడప మీదుగా కుడికాలు ఎత్తింది.

లోపల మస్తాన్‌బీ తుమ్మింది. ఒక్క తుమ్ము.

ఎత్తిన కాలు గాల్లో ఆగింది. మెల్లగా వెనక్కి వచ్చింది. "ఒంటి తుమ్ము," అంది పెద్దమ్మ. మిర్చి గోడౌనులో తుమ్మకుండా ఎలా ఉంటారని మొత్తుకున్నాను. "ఇంతసేపూ ఆగిన తుమ్ము నేను కాలెత్తినప్పుడే రావాల్నా?" అని వెనక్కి తిరిగి, ఇంటికి పోయి, మంచినీళ్లు తాగి పడుకుంది. ఇవాళ్టికి ఇంక కదలనంది.

మస్తాన్‌బీ ఏడ్చినంత పనిచేసింది. "ముక్కు మూసుకున్నాను భాయ్, చెవుల్లోంచి వచ్చింది," అంటుంది.

నీడ 13వ రోజు. సాయంత్రం 4.
బయట సున్నాకు 1 కింద. మూడో చాంబరు 22. మనుషులు 210.
రిమార్కులు:

ఇవాళ అందరికీ ముక్కులకు గుడ్డలు కట్టించాను. యేసోబు హెల్మెట్ అద్దం దించుకుని కూర్చున్నాడు. పెద్దమ్మ మళ్లీ బయల్దేరింది. నిన్నటికి ఇవాళ్టికి ఆవిడ నడక సగమైంది. గేటు దాకా రావడానికి రెండుచోట్ల ఆగింది. లోపల రెండు వందల పదిమంది ఊపిరి బిగబట్టారు. అంత నిశ్శబ్దం నేను కంప్రెసర్లు ఆగిన రోజున కూడా వినలేదు.

గడప మీద కాలెత్తింది. యేసోబు హెల్మెట్ లోపల బాంబు పేలినట్టయింది.

మళ్లీ ఒంటి తుమ్మే. ఎత్తిన కాలు వెనక్కి పోయింది. పెద్దమ్మను ఎత్తుకుని లోపలికి పోదామని చేయి వేశాను. "బలవంతాన దాటిస్తే ఈ కుండ ఇక్కడే పగలగొడతా," అంది. గొంతులో దమ్ము లేదు, కానీ అన్నంత పని చేస్తుందని నాకు తెలుసు. మళ్లీ తీసుకెళ్లి పడుకోబెట్టి, నా బొంత కూడా కప్పాను. కుండ మీద చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది. పెద్దమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టాను, కుండంత వెచ్చగా లేదు. ఉన్న వేడి అంతా దానికే ఇచ్చేస్తోంది.

చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఈవిడే పక్కన పడుకునేది. లాగ్ బుక్కులో ఇలాంటివి రాయకూడదు. రాసేశాను, కొట్టేయను.

నీడ 14వ రోజు. మధ్యాహ్నం 12.
బయట సున్నాకు 2 కింద. మూడో చాంబరు 22. మనుషులు 211.
రిమార్కులు:

ఆ 211వ మనిషి పెద్దమ్మ. ఎలా వచ్చిందో రాస్తాను.

పొద్దున సీతారావమ్మ అంబలి కలుపుతూ ఉన్నట్టుండి, "ఒంటి తుమ్మేగా మంచిది కాదంది? జంట తుమ్ముకేం దోషం లేదు కదయ్యా," అంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ మాట మొదటిసారే విని ఉంటే నాకు చాలా శ్రమ తప్పేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తుమ్ము ఆపడం మన వల్ల కాదు. తుమ్మించడం మాత్రం మనకు ఇరవై ఆరేళ్ల అనుభవం. ముక్కుగుడ్డలు విప్పించేశాను. యేసోబును, అతని మనుషులు ఆరుగురిని తలుపుకు అటూ ఇటూ నిలబెట్టాను. ఒక్కొక్కరి చేతిలో మిర్చి దులిపిన ఖాళీ గోతాం. చంటిపిల్లల తల్లుల్ని మాత్రం చివరి మూలకు పంపి దుప్పటి అడ్డం కట్టించాను.

పెద్దమ్మ దీపం నేను పట్టుకున్నాను, ఆవిడ చేతులు వణికిపోతున్నాయి. కుండ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. గడప ముందుకు వచ్చింది. కుడికాలు ఎత్తుతుండగా నేను తలూపాను. ఏడు గోతాలు ఒక్కసారి ఫటఫటా దులిపారు.

ఓనరు గారూ, మీ కోల్డ్ స్టోరేజీ పునాదుల నుంచి తుమ్మింది. ఒకటి కాదు, రెండు కాదు, జంటలు జంటలుగా, వరుసలు వరుసలుగా, ముసలీ ముతకా, మేస్త్రీ కూలీ, గేటు దగ్గర కట్టేసిన గోనెపట్టాల గేదెలతో సహా తుమ్మారు. దీపం ఆరిపోకుండా నేను దానికి వీపు అడ్డం పెట్టి తుమ్మాను. ఎవరి తుమ్ము ఎవరిదో ఆ బ్రహ్మదేవుడు కూడా విడదీయలేడు.

పెద్దమ్మ గాల్లో కాలు అలాగే ఉంచి కాసేపు విన్నది. "ఇందులో ఒంటిది యాడుందిరా," అని గడప దాటింది. దాటి, ఆవిడ కూడా రెండు తుమ్మింది.

లోపల టిక్కీల చెక్క మీద కూర్చోబెట్టాం. ఆడవాళ్లు చుట్టూ చేరి చేతులూ పాదాలూ రుద్దారు. కాసేపటికి కళ్లు తెరిచి, "ఇంట్లో పాలున్నయ్యా?" అని అడిగింది. ఊళ్లో యాభై ఎనిమిది గడపల గిన్నెలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. తన చేత్తో తలా చెంచాడు తోడు వేసింది. దీపం పక్కనే వెలుగుతోంది. ఒకే ఇల్లు కాబట్టి ఆవిడకు ఏ ఇబ్బందీ లేదు.

నీడ 15వ రోజు. ఉదయం 11.
బయట సున్నాకు 2 కింద. మూడో చాంబరు 23. మనుషులు 211.
రిమార్కులు:

తోడుకుంది. గిన్నె వంచితే కదలనంత గట్టిగా తోడుకుంది.

అందరం బారులు తీరి కూర్చున్నాం. పెరుగన్నం కలుపుతున్న చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేదు. తిన్నాక రెండు వందల మంది లేచి ఒకేసారి చెయ్యి కడిగారు. యేసోబు హెల్మెట్ తీసి మూలన పెట్టాడు. పెద్దమ్మ వేళ్లకు రంగు తిరిగింది. దగ్గు ఉంది, తగ్గుతోంది. నా మీద అరుస్తోంది కాబట్టి నాకు నమ్మకం కుదిరింది.

నీడ 17వ రోజు. సాయంత్రం 5.
బయట సున్నాకు 3 కింద. మూడో చాంబరు 23.
రిమార్కులు:

మధ్యాహ్నం జీపు ఒకటి వచ్చింది. సహాయం పంచే ఆఫీసరు, పేరు చంద్రమౌళి. పాతికేళ్లుంటాయి. చేతుల్లేని స్వెట్టరు, పైకప్పు చిరిగిన జీపు. డ్రైవరుకు జ్వరమని తనే నడుపుకుని వచ్చాడు. వెనక రగ్గులు. నల్లవి, మందమైనవి, అంచుకు ఎర్రచార ఉన్నవి. పదిహేడు రోజులుగా రగ్గును కలలో చూస్తున్న జనం జీపు చుట్టూ మూగారు. సీతారావమ్మ ఒక రగ్గును నిమిరి, చంటిబిడ్డను నిమిరినట్టు మళ్లీ నిమిరింది.

"ఇంటికో రగ్గు," అన్నాడు ఆఫీసరు, కాగితం తీసి. "రికార్డు మీ దగ్గరుందన్నారు. ఇక్కడ ఎన్ని ఇళ్లండీ?"

ఇన్నేళ్లలో ఈ బుక్కులో ఒక్క తప్పు అంకె వేసి ఎరగను. ఊళ్లో ఇళ్లు యాభై ఎనిమిది. నోటిదాకా వచ్చింది. గడప లోపలి నుంచి పెద్దమ్మ చూస్తోంది.  ఆవిడ చెయ్యి పోయి కుండ మెడ మీద పడింది. యాభై ఎనిమిది అంటే ఆవిడ లేస్తుంది. ఆ రేకుల కింద ఇంకొక్క రాత్రి గడిచేది కాదు. అలాగని నేను ఒకటంటే యాభై ఏడు రగ్గులు వెనక్కి పోతాయి. అవి నావి కావు, ఊరివి.

"ఒక్కటే ఇల్లు సార్," అన్నాడు యేసోబు.

నేను తల తిప్పి చూశాను. వాడి చిన్న పిల్ల రగ్గు అంచు పట్టుకునే ఉంది. వాడు మెల్లగా దాని వేళ్లు విప్పాడు.

"ఇంతమందీ ఒక్క ఇల్లా?" అన్నాడు ఆఫీసరు.

"పొయ్యి ఒకటే," అంది మస్తాన్‌బీ.

"గడప ఒకటే. పసుపు రాసింది నేనే," అంది సీతారావమ్మ, రగ్గు మీంచి చెయ్యి తీసేసి.

ఆఫీసరు మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. "రూలు ప్రకారం ఒక్కటే రగ్గు వస్తుంది. ఆలోచించుకుని చెప్పండి. రాస్తే మార్చడం కుదరదు," అన్నాడు. ఎవరూ కదల్లేదు. నేనూ చెప్పాను, "ఒకటే రాయండి." ఆ అంకె తప్పని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు.

"ఇంటి పెద్ద?"

అందరూ లోపలికి చూపించారు, అతను చెప్పులతోనే గడప దాటి వెళ్లి కాగితం చాపాడు. పెద్దమ్మ వేలిముద్ర వేసి, ఒక్క రగ్గూ తీసుకుని, మడత విప్పి, ఎవరికిస్తుందా అని రెండొందల మంది చూస్తుండగా తోడుకుండకు చుట్టేసింది. "ఇంక ఇది నా పక్కలో పడుకోనక్కర్లా. రాత్రుళ్లు కాళ్లు చాపుకుంటా," అంది. అప్పుడు జనం నవ్వారు. నాకు మాత్రం కళ్లలో ఘాటు తగిలింది, మిర్చి వల్లనే అనుకుంటాను.

ఆఫీసరు కాగితం మడిచాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి. ముందున్న ఊరికి కూడా ఇవాళే రగ్గులు చేర్చాలట, ఇరవై ఐదు కిలోమీటర్లు. తెల్లారి వెళ్లమన్నాం, డ్యూటీ అన్నాడు. వేడిగా టీ ఇస్తామంటే వద్దన్నాడు. గడప దాటడానికి కాలెత్తాడు.

వెనక నుంచి ఒక తుమ్ము వినిపించింది. ఒక్కటే.

ఎంత ఆఫీసరైనా మన ప్రాంతంవాడే. ఎత్తిన కాలు ఆగింది. "ఒంటి తుమ్ము నాయనా," అంది పెద్దమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఇప్పుడు బయల్దేరకూడదు. కూర్చుని, కాసింత పెరుగన్నం తిని, పొద్దున పో." అతను కాసేపు జీపును చూశాడు, కాసేపు ఆవిడను చూశాడు. గడప దగ్గర చెప్పులు విడిచి వెనక్కి వచ్చి, మూలన ఉన్న హెల్మెట్ పక్కన కూర్చున్నాడు.

ఇరవై ఆరేళ్లుగా మిర్చి మధ్య బతుకుతున్నవాణ్ణి. అసలు తుమ్మేదో, దొంగ తుమ్మేదో నాకు తెలియకుండా ఉండదు. ఈ సంగతి ఈ బుక్కులో తప్ప ఎక్కడా చెప్పను.

నీడ 18వ రోజు. ఉదయం 10 గంటలు.
బయట సున్నాకు 3 కింద. ఒకటి, రెండు చాంబర్లు 4. మూడో నంబరు 23. మనుషులు 212. ఇళ్లు 1. కరెంటు లేదు.
రిమార్కులు:

ఓనరు గారూ, మీరు వచ్చినప్పుడు గడప తొక్కకుండా దాటి రండి.

అంతా సవ్యం.